బుసకొట్టే మట్టి మోసుకుని శ్రీకూర్మం దాకా

ఇది రాయడానికి ముందు ఏడు ఉత్తరాలు రాశాను. మట్టి పరీక్షల ఆఫీసుకి నాలుగు, దాని పై ఆఫీసుకి రెండు, ఒక పత్రికకి ఒకటి. ఆఫీసులవారు ఇంతవరకు ఒక్క ముక్క జవాబివ్వలేదు. పత్రికవారు మాత్రం ఇచ్చారు. యాత్ర అంటే గుడో, జలపాతమో ఉండాలనీ, మట్టి గురించి రాస్తే ఎవరు చదువుతారనీ అడిగారు. అందుకని ఈసారి గుడి కూడా చూసి వచ్చాను. ఇంక ఎవరూ వంక పెట్టడానికి లేదు.

నాకు గజపతినగరం దగ్గర చంపావతి ఒడ్డున ఎకరన్నర భూమి ఉంది. పైపైన చూస్తే ఎవరికైనా నచ్చుతుంది. నది తెచ్చి పరిచిన ఒండ్రు అది. పూర్తిగా ఇసుకా కాదు, పూర్తిగా బంకా కాదు. పిడికిట్లో నొక్కితే ముద్దవుతుంది, వేలితో పొడిస్తే విడిపోతుంది. లేత గోధుమ రంగు. జానెడు లోతు వరకు అలాగే ఉంటుంది. ఆ కింద బూజులాగా తెల్లటి పోగులు మొదలవుతాయి. మూరెడు లోతులో బియ్యపు గింజంత తెల్లటి గడ్డలు, ఇంకా కిందకి పోతే ఉసిరికాయంత గడ్డలు. అదంతా సున్నం. అంత సున్నం ఉన్నచోట మట్టిలో ఇనుము ఉన్నా వేరుకి అందదు. మా వేరుశనగ మొలిచిన ఇరవై రోజులకే లేతాకులు పసుపు పచ్చగా మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. తర్వాత ఆకు మొత్తం కాగితంలా తెల్లబోతుంది.

ఏడేళ్ళ కిందట మా ఊరికి మట్టి పరీక్షకని వచ్చినవారు కొండవైపు ఉన్న ఎర్రమట్టి పొలంలో ఒక సంచి నింపుకున్నారు. రోడ్డుకి దగ్గర కదా, నది దాకా నడవనక్కర్లేదు. ఆ ఒక్క సంచి ఫలితాన్నే అందరి కార్డుల మీదా వేశారు. 'ఆమ్ల నేల, సున్నం వేయండి' అని నా కార్డు మీద కూడా ఉంది. సున్నంతో నిండిన నేలకి మళ్ళీ సున్నం! గ్రామసభలో నేను లేచి, ఇది ఎడారి నేలల్లో ఉండే సున్నపు మట్టి అని చెప్పాను. వచ్చిన అధికారి నవ్వాడు. "రాజస్థాన్ మట్టి రైలెక్కి చంపావతి దాకా వచ్చిందా బాబూ?" అన్నాడు. ఊరంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో ఈరోజుకీ వరుసగా చెప్పగలను.

నవ్వనివాడు ఒక్కడే, మా సింహాచలం బావ. మా అక్క భర్త. కానీ ఆయన తల దించుకున్నాడు. నవ్వు కన్నా అది ఎక్కువ గుచ్చుకుంది. ఎందుకంటే, ఆ సభలో నా మాట నిజమని తెలిసిన రెండో మనిషి ఆయనే.

బావా నేనూ తొమ్మిదేళ్ళు రాజస్థాన్‌లో పడమటి ఎడారిలో మట్టి గుంటలు తవ్వాం. కాలువ పనికి మేస్త్రి తీసుకెళ్ళాడు. గోడ నిట్టనిలువుగా దిగేలా తవ్వుతామని చూసి, నేలల సర్వే చేసే సాబు మమ్మల్ని తన దగ్గర పెట్టుకున్నాడు. అక్కడ కొండల నుంచి వాగులు తెచ్చి పరిచిన ఒండ్రు మీద, ఆరడుగుల లోతు గుంటలు. పై మట్టి ఒక పక్కన, అడుగు మట్టి ఇంకో పక్కన పోయాలి. పరీక్షించే గోడ అంచు మీద ఎవరూ కాలు పెట్టకూడదు. పని అయ్యాక అడుగుది అడుక్కి, పైది పైకి వేసి పూడ్చాలి. వాన లేని చోట సున్నం కిందకి కొట్టుకుపోదట, మూరెడు లోతులోనే ఆగిపోతుందట. సాబు ఒక్కో పొర మీద ఆమ్లం చుక్క వేసేవాడు. సున్నం ఎక్కువుంటే మట్టి నురగలు కక్కుతుంది. తక్కువుంటే కంటికి ఏమీ కనపడదు, సన్నటి బుస మాత్రం ఉంటుంది. ఆ బుసని బావ చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. "ఇందులో ఉన్నాది సాబ్" అనేవాడు. సాబు మారు మాట లేకుండా పుస్తకంలో రాసుకునేవాడు.

నేను చెప్పింది ఒకరు కలం పెట్టి రాసుకున్న చోటు నా జీవితంలో అదొక్కటే. ఆ ఎండనీ, ఆ ఇసుక గాలినీ అక్కడ ఉన్నన్నాళ్ళూ తిట్టుకున్నాను. ఇక్కడికి వచ్చాక తలుచుకోని రోజు లేదు.

ఆ సంపాదనతోనే ఇద్దరం ఒకే రోజు పక్కపక్కన భూమి కొన్నాం. నాది ఎకరన్నర, ఆయనది ఎకరం. గ్రామసభ జరిగిన నాలుగు నెలలకి బావ తన ఎకరం బీడు పెట్టి, అక్కని తీసుకుని, శ్రీకూర్మం అవతల తన పుట్టిన ఊరికి వెళ్ళిపోయాడు. నాకు ఒక్క మాట చెప్పలేదు. అప్పటినుంచి పెళ్ళిళ్ళలో ఎదురైనా ఆయన నాతో మాట్లాడడు, నేను ఆయనతో మాట్లాడను.

ఈ మధ్య ఆఫీసు గుమాస్తా ఒకడు దయతలచి, ఒక్క రైతు ఫిర్యాదుతో మళ్ళీ మట్టి తీయరనీ, పక్క పొలం రైతు సంతకం కూడా ఉంటే ఈ విత్తుల లోపు వస్తారనీ చెప్పాడు. పక్క పొలం ఎవరిదో మీకు ఇప్పటికే తెలిసింది. ప్రయాణం అందుకు.

ఉదయం ఐదు యాభైకి గజపతినగరంలో విజయనగరం బస్సెక్కాను. కాగితం చొక్కా జేబులో, రెండు గుడ్డ సంచుల్లో మట్టి. ఒకదాంట్లో జానెడు పైది, ఒకదాంట్లో మూరెడు కిందది. కలిసిపోకుండా సంచుల మూతులకి వేరువేరు రంగు దారాలు కట్టాను. నాలుగు నిమ్మకాయలు కూడా పెట్టుకున్నాను. రైల్లో ఆమ్లం సీసా తీసుకెళ్ళకూడదు, నిమ్మరసం చాలు. కండక్టరు సంచులు చూసి "బెల్లమేటి మావా?" అన్నాడు. మట్టి అంటే, టికెట్టు కొట్టడం ఆపి నా మొహం చూశాడు. "మట్టికి టికెట్టు నేదులే" అని ముందుకి పోయాడు.

ఆరూ నలభై ఐదుకి విజయనగరం. స్టేషను బయట తోపుడు బండి దగ్గర నాలుగు ఇడ్లీలు తిన్నాను. చట్నీ బాగుంది, సాంబారు రెండోసారి అడిగితే మొహం చిట్లించాడు. పలాస వైపు పోయే పాసింజరు ఏడున్నరకి చెప్పిన వేళకే బయలుదేరింది. ఫిర్యాదు చేయడానికి అక్కడ నాకేమీ దొరకలేదు. తూర్పువైపు కిటికీ దగ్గర ఎండ పడుతుంది, వెళ్ళేవారు పడమటి వైపు కూర్చోండి.

నెల్లిమర్లలో ఒకావిడ ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. అరవై దాటి ఉంటాయి. తెల్ల చీర, ఒళ్ళో బైబిలు, భుజానికి సంచి. మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసి మానేశారట, పొందూరులో చెల్లెలింటికి వెళ్తున్నారట. ఆవిడ పక్కన గంపతో ఒక ముసలమ్మ.

"ఆ సంచుల్లో ఏటి నాయనా, అంత జాగర్తగా పట్టుకున్నావు?" అంది ముసలమ్మ.

"మట్టి."

"ఓలమ్మ! మట్టికే అంత మురిపెమా? బంగారవైతే ఒళ్ళో పడుకోబెట్టుకుందువు!"

చుట్టూ నవ్వారు. నేను అడుగు మట్టి చిటికెడు తీసి అరచేతిలో పోసి, నిమ్మకాయ కొరికి రసం పిండాను. మట్టి బుస్సుమని పొంగింది. ముసలమ్మ కాళ్ళు పైకి తీసుకుంది.

"దీనికి అమ్మోరు పూనినట్టున్నాది! దూరంగా పెట్టు బాబూ!"

నర్సమ్మ మాత్రం ముందుకి వంగి చూసింది. సున్నమా అని అడిగింది. అవునని, ఇనుము అందక మొక్కలు తెల్లబోతున్నాయని చెప్పాను. "అంతేగదా మరి" అంది, ఎప్పటినుంచో తెలిసిన సంగతిలాగా. "కడుపుతో ఉన్నోళ్ళకి కాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర ఒకేసారి మింగొద్దని నాను ముప్ఫైయేళ్ళు సెప్పినాను. కాల్షియం ఉంటే ఒంటికి ఇనుము పట్టదు. ఎంతమందికి సెప్పినా రెండూ కలిపి మింగీసీవోరు. నీ నేలకీ అదే రోగం."

నేను ఏడు ఉత్తరాల్లో చెప్పలేకపోయింది ఆవిడ గరివిడి రాకముందే అర్థం చేసుకుంది. ఆవిడ పేరు అడగడం మరచిపోయాను. ఇప్పటికీ బాధగా ఉంది.

ఎనిమిదింబావుకి చీపురుపల్లి. స్టేషను దాటిన కాసేపటికి ఎడమచేతి వైపు ఒక పొలం వస్తుంది. గట్టు మీద మూడు తాడిచెట్లు ఉంటాయి. బావా నేనూ ఎడారి నుంచి వచ్చాక మొదట చూసిన భూమి అది. అదే ధర. నల్లరేగడి కలిసిన మంచి నేల. తెల్లవారి చంపావతి ఒడ్డు మట్టి చేత్తో పట్టుకున్నాక దాన్ని వద్దన్నాను. నేనే వద్దన్నాను. ఆ దారిలో పోయినప్పుడల్లా మొహం తిప్పుకుంటాను, ఆ రోజు మాత్రం తిప్పుకోలేదు. చోళ్ళు, అంటే రాగులు, కోశారు, గట్టు మీద కందులు నిలువెత్తు ఉన్నాయి. ఆకులన్నీ నల్లటి పచ్చదనంతో ఉన్నాయి.

దారిలో నా సంతకం సంగతంతా విన్న నర్సమ్మ పొందూరులో దిగింది. "మీ బావ సంతకం పెడతాడు బాబూ, నాను ప్రార్థన సేస్తాను" అంది. దూసి దాటాక నాగావళి వంతెన. ఏటి గట్టు కోసిన చోట ఒండ్రు పొరలు పొరలుగా కనిపిస్తుంది, కిటికీ వదలకండి. కింద ఇసుక, పైన బూడిద రంగు మెత్తటి మట్టి. అందులో తెల్ల పోగు ఒక్కటి లేదు. మా నేలలోనే ఎందుకు చేరిందంటే, నాకు తోచింది ఒకటే. మా కొండ రాళ్ళలో కొన్ని సున్నపు రాళ్ళు. వాటి నీళ్ళు మట్టి అడుగున ఊరి, ఎండలకి పైకి లాగబడి, నీరు ఆరిపోయి సున్నం మిగిలిపోతుంది. ఎన్ని వేల ఏళ్ళుగానో. ఇది నిజమో కాదో చెప్పమనే ఆఫీసుని అడిగాను.

తొమ్మిది దాటాక శ్రీకాకుళం రోడ్డు స్టేషను. బయటే బస్సులు ఉంటాయి, అరగంటలో ఊళ్ళోకి చేరుస్తాయి. శ్రీకాకుళంలో పదింబావుకి శ్రీకూర్మం బస్సు దొరికింది. పదకొండుకి గుడి ముందు దిగాను. పత్రికవారి కోసం లోపలికి వెళ్ళాను. సంచులు బయట పెట్టమన్నారు. పూలమ్మే ఆవిడకి అప్పగిస్తే, విప్పి చూసి, "దీనికి కాపలా ఎందుకన్నా, ఎవుడు ఎత్తుకుపోతాడు?" అంది. కూర్మనాథుడి దర్శనం చేసుకున్నాను. గుడి వెనక తాబేళ్ళకి తోటకూర పెట్టాను. నిదానంగా, ఎవరి కోసమూ తొందరపడకుండా తిన్నాయి. ఒక అరగంట అక్కడే కూర్చున్నాను. భక్తి వల్ల కాదు. బావ ఇంటికి వెళ్ళడానికి కాళ్ళు రాక.

అక్కడినుంచి బావ ఊరు మూడు కిలోమీటర్లు. ఆటో మాట్లాడుకున్నాను. మూడున్నరకి మళ్ళీ వచ్చి తీసుకెళ్ళమని అప్పుడే చెప్పి పెట్టాను. దారి పొడవునా ఇసుక నేల, సరుగుడు, జీడి, కొబ్బరి. సముద్రం కనపడదు కానీ వినపడుతుంది.

అక్క వాకిట్లో నెత్తళ్ళ చేపలు ఆరబోస్తోంది. చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఎవుడు? పైడిరాజేనా? ఏరా, దారి ఎవుడు సూపించినాడురా నీకు?"

"నానే వచ్చినాను అక్కా."

"ఏడేళ్ళకి దొరికినాదన్నమాట దారి. రా. కాళ్ళు కడుక్కో. ఈడు సూడు, సావుకి పోయినోడి మొహంలాగా పెట్టుకుని వచ్చినాడు."

బావ లోపల నులకమంచం అల్లుతున్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నన్ను చూసి తాడు వదలలేదు. తల ఊపాడు. ఆ తల ఊపుడుకి ఏడేళ్ళు ఎదురుచూశానని అప్పుడు తెలిసింది. తెలిసి నా మీద నాకే కోపం వచ్చింది.

అన్నం తిన్నాం. నెత్తళ్ళ పులుసు, గంటెల అన్నం, అంటే సజ్జన్నం. అక్క ఒక్కతే మాట్లాడింది. జీడి పూత గురించి, కోడలి గురించి, గాలికి పడిపోయిన కొబ్బరిచెట్టు గురించి. చెయ్యి కడుక్కుని వచ్చాక కాగితం తీసి మంచం మీద పెట్టాను. బావ కళ్ళజోడు వెతుక్కుని మెల్లగా చదివాడు.

"సున్నపు నేల అని రాసినావు."

"కాదేటి?"

"కాదని నానెప్పుడన్నాను?"

"అవునని కూడా అననేదు. ఆ రోజు సభలో తల దించుకుని కూకున్నావు. నాను ఒక్కణ్ణీ లేచి నిలబడి, ఊరందరి చేతా నవ్వించుకున్నాను. తొమ్మిదేళ్ళు నాతో గుంటలో దిగినోడివి. నీ చెవితో విన్నోడివి."

బావ సంచి దారం విప్పి, అడుగు మట్టి తీశాడు. బొటనవేలితో నలిపాడు. నలిపి నలిపి మెత్తగా చేశాడు. ఆ వేలి తీరు చూడగానే ఎడారిలో పొద్దుటి గుంట, గోడ మీద పడిన ఎండ, సాబు చేతిలో పుస్తకం అన్నీ కళ్ళముందుకి వచ్చాయి. నిమ్మకాయ అందించాను. పిండాడు. మట్టి గదిలో అందరికీ వినపడేంత గట్టిగా బుసకొట్టింది. అయినా బావ దాన్ని చెవి దగ్గరికి తీసుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఆ రోజూ ఇంతే" అన్నాడు.

"ఏ రోజు?"

"కొనడానికి ముందు రోజు. నువ్వు ఏట్లో కాళ్ళు కడుక్కోడానికి ఎల్లినావు. కేరేజీలో నిమ్మకాయ పచ్చడి ఉన్నాది. దాని ఊట పోసి సూసినాను. మూరెడు కూడా తవ్వనక్కర్లేకపోయినాది. గట్టు కోసిన చోటే బుస్సుమన్నాది."

నాకు మొదట అర్థం కాలేదు.

"నీకు తెలుసు" అన్నాను. "తెలిసి కొననిచ్చినావు."

"నానూ కొన్నాను కదరా."

"ఎందుకు సెప్పనేదు?"

బావ చేతిలో మట్టి సంచిలో వేసి దారం కట్టాడు. సరిగ్గా ఆ రంగు దారమే కట్టాడు. "నువ్వు ఆ మట్టి పిడికిట్లో పట్టుకుని ఏడిసినావురా. 'బావా, ఇది మన మట్టే, మన గుంటల్లో మట్టే' అన్నావు. తొమ్మిదేళ్ళు నీతో ఉన్నాను, నువ్వు అంత సంతోషంగా ఉండడం నానెప్పుడూ సూళ్ళేదు. చీపురుపల్లి బిట్టు దగ్గర నీ మొగం మామూలుగానే ఉన్నాది. ఎలా సెప్తాను? సెప్తే నీ మొగం ఏటవుతాది?"

"మరి సభలో?"

"సభలో లేచి అవునంటే, ఎప్పటి నుంచి తెలుసని నువ్వే అడుగుతావు. ముందు నువ్వే అడుగుతావు. నువ్వు దేన్నీ మరిసిపోవు కదేటి."

అక్క గుమ్మంలో నిలబడి ఉంది. "నాకూ సెప్పినాడురా, ఆ రాత్రే. నీకు సెప్పమని పోరు పెట్టినాను. సెప్తే నువ్వు ఈయన మీద జన్మలో పోని పగ పెట్టుకుంటావని అన్నాడు. నిజవే కదా. సెప్పకపోయినా పెట్టుకున్నావు, అది వేరే సంగతి."

నేను కోపం తెచ్చుకుందామని చూశాను. ఏడేళ్ళుగా దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి, వరుసలో ఉన్నాయి. వాటన్నిటికన్నా ముందు నా తప్పు నాకు కనపడింది. వందల గుంటలు తవ్విన మనిషిని. భూమి కొనేటప్పుడు ఒక్క గుంట తవ్వలేదు. మూరెడు లోతు తవ్వి ఉంటే తెలిసేది. చేతికి తగిలిన మెత్తదనం చూసి, అది తెలిసిన మెత్తదనమని మురిసిపోయి, డబ్బు పోశాను. ఎడారి మట్టి ఎలా ఉంటుందో తెలిసినవాడికే ఆ పొరపాటు జరుగుతుంది. తెలియనివాడు చీపురుపల్లిలోనే కొనేవాడు.

"ఆ నేలని వేరుశనగ అడగడం మానీరా" అన్నాడు బావ, మళ్ళీ తాడు చేతిలోకి తీసుకుని. "అక్కడోళ్ళు ఏటి పండించీవోరు? గంటెలు. రేగు. దానికి ఇష్టమైంది ఏస్తే అది పెడతాది. మా ఎకరంలో రేగుచెట్టు ఎవుడైనా నాటినాడా? అదే మొలిసినాది. కాయ ఎలాగున్నాదో?"

"తీపిగా ఉన్నాది" అన్నాను. ఆ కాయలు ఏటా నేనే తింటున్నానని చెప్పలేదు.

మూడు గంటలు దాటింది. అసలు అడగాల్సింది ఇంకా అడగలేదు. ఆటో చప్పుడు వినపడుతుంటే అడిగేశాను.

"కొన్నప్పుడు సెప్పనేదు, సరే. సభలో సెప్పనేదు, అదీ సరే. మరి నన్నొక్కణ్ణీ ఆ నేల మీద ఒగ్గేసి ఇక్కడికి ఎందుకొచ్చినావు బావా? పక్క గట్టు మీద నువ్వుంటే సాలు కదా. పంట రాకపోతే ఏటి?"

బావ చేతిలో తాడు ఆగింది. నోరు తెరిచాడు. బయట ఆటోవాడు హారను కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. బావ మంచం మీది కాగితం తీసుకుని, అక్క కూరగాయల లెక్క రాసుకునే పెన్నుతో సంతకం పెట్టి ఇచ్చాడు.

"బేగి ఎల్లు. రైలు పోతాది" అన్నాడు.

అక్క నెత్తళ్ళు పొట్లం కట్టి ఇచ్చింది. ఆటో దాకా వచ్చింది. బావ గుమ్మం దాటలేదు.

నాలుగున్నరకి శ్రీకాకుళం, ఐదుకి స్టేషను. ఐదూ నలభైకి విజయనగరం వైపు పాసింజరు ఉంది, అది పట్టుకున్నాను. తిరుగు ప్రయాణంలో జనం తక్కువ. నెత్తళ్ళ వాసనకి నా పక్కన ఎవరూ కూర్చోలేదు, ఒక విధంగా మేలు.

ఈ దారిన వచ్చి చూడాలనుకునేవారికి ఒక మాట. శ్రీకూర్మం ఎవరైనా చూస్తారు. మా నేల కూడా చూడండి. గజపతినగరంలో దిగి చంపావతి వైపు అడుగుతూ రండి, సున్నపు పైడిరాజు పొలం అంటే చూపిస్తారు. వెక్కిరింపుగా పెట్టిన పేరే, అయినా దారి తప్పదు. మాఘ ఫాల్గుణాల్లో రండి, ఉదయం తొమ్మిది లోపల. తవ్విన గుంట గోడ మీద ఎండ పడ్డప్పుడే తెల్ల పోగులు బాగా కనపడతాయి. ఎండిన నేల పైన పొర పగులుతుంది, కానీ రేగడిలా నోరు తెరవదు. తడిస్తే మెత్తగా లొంగుతుంది, ఆరితే మళ్ళీ గట్టిపడుతుంది. వాసన తక్కువ, ఆకు కుళ్ళు అందులో నిలవదు. పైకి ఏ కష్టమూ చెప్పదు. ఒక చుక్క పులుపు తగిలితేనే లోపల ఏముందో బయటపడుతుంది. ఇలాంటి నేలతో ఏడేళ్ళు పోట్లాడాను. ఈసారి బావ మాట విని అర ఎకరం గంటెలు వేస్తాను. మిగతాది ఏం చేయాలో అది చదువుకున్నవారు చెప్పాలి.

ఆఫీసువారికి: ఇప్పుడు రెండు సంతకాలు ఉన్నాయి. విత్తుల లోపు రండి. రోడ్డు పక్కన కాదు, నది దాకా నడవండి. గుంట నేను తవ్వి ఉంచుతాను. మీరు చూసింది మా ముందు కాగితం మీద రాయండి. ఏ రోజు వస్తారో చెప్పండి. ఎనిమిదో ఉత్తరం రాయను, ఇదే నా ఉత్తరం.

ఇక బావకి. నీ ఊరి గ్రంథాలయానికి పత్రికలన్నీ వస్తాయనీ, సాయంత్రం పూట వెళ్ళి చదువుతావనీ అక్క చెప్పింది. ఇది చదువుతావు. నాకు తెలుసు. సంతకం కోసం వచ్చానని నువ్వు అనుకున్నావు, వచ్చేటప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. సంతకం దొరికింది. ఆ కాగితం జేబులో పెట్టుకుని పొందూరు దాకా వచ్చేసరికి దానివల్ల నాకేమీ ఒరగలేదని తెలిసింది. సున్నం సంగతి దాచినందుకు ఇంక నిన్ను అడగను. అది వదిలేశాను, నిజంగానే వదిలేశాను. కానీ ఆటో హారను వినపడ్డప్పుడు నువ్వు ఏదో చెప్పబోయావు. నేను చూశాను. నోరు తెరిచి మూశావు. ఆటో నేను ఆపేవాణ్ణి, రైలు పోతే మీ వాకిట్లో పడుకునేవాణ్ణి. నా పక్క నుంచి ఎందుకు వెళ్ళిపోయావు, మళ్ళీ ఎందుకు రావు, ఈ రెండూ నాకు తెలియాలి. మంచిదైనా చెడ్డదైనా సరే. అందరి జవాబుల కోసమూ ఎదురుచూశాను గానీ, నీ జవాబు ఒక్కటే నాకు కావాలి. చెప్పు బావా.